ఒడ్డు నుంచి రీఫ్ దాకా: కొత్తపట్నం కుర్రాడి కేస్ స్టడీ

ఈతొస్తే చాలు, స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ, మొహం నీళ్ళలో పెట్టి ఈదటం) ఎంతసేపు అనుకుంటారు మన వైపు చాలామంది. నేను ఒంగోల్లో ఈత నేర్పిస్తా, డైవింగ్ సీజన్‌లో కొన్నాళ్ళు అండమాన్ పోయి హేవ్‌లాక్‌లో ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తా, రెండు చోట్లా ఈ మాట వింటూనే ఉంటా. అది ఎంతవరకు నిజమో, ఎక్కడ ప్రాణం మీదకి తెస్తుందో ఈ ఒక్క కేసులో మొత్తం కనపడింది, అందుకే వివరంగా రాస్తున్నా.

కుర్రాడి పేరు రాయట్లేదు. కొత్తపట్నం పక్క పల్లెపాలెం, పాతికేళ్ళ లోపు వయసు, వాళ్ళ నాన్న, బాబాయిలు అందరూ వేటకి పోయేవాళ్ళే, వీడూ పదో తరగతి అయ్యాక పడవ ఎక్కాడు. చేపలు తగ్గిపోయి డీజిల్‌కే సరిపోని రోజులు ఎక్కువయ్యాక వాళ్ళ మేనమామ కొడుకు అండమాన్‌లో బోటు పనికి కుదిరాడంట, అక్కడ డైవ్ షాపుల్లో పని ఉంటదని విని నా దగ్గరికొచ్చాడు. "అన్నా, సముద్రం నాకు కొత్త కాదు, ఆ సిలిండర్ కట్టుకునేది ఒక్కటి నేర్పిస్తే చాలు" అన్నాడు. అబద్ధం కాదు, మా పూల్‌లో దించి చూస్తే నా స్టూడెంట్లలో ఎవరికీ లేనంత బలం, ఎంతసేపైనా తేలుతూ ఉండగలడు, నీళ్ళంటే బెదురనేదే లేదు.

మాస్క్ పెట్టి, నోట్లో స్నార్కెల్ పెట్టి, ముఖం నీళ్ళలో పెట్టమన్నా, అంతే. పూల్ ఆ చివర దాకా పోయేలోపే తల పైకెత్తి స్నార్కెల్ ఊడబీక్కుని ఆయాసపడ్డాడు. మళ్ళీ చేయమంటే మళ్ళీ అంతే. వాడికి అర్థం కాలా, అలల్లో పడవ నెట్టేవాడికి ఈ ప్లాస్టిక్ గొట్టంతో ఊపిరాడకపోవటమేంటని.

ఇది నేను బలమైన ఈతగాళ్ళలోనే ఎక్కువ చూశా. కారణం లెక్క వేస్తే తేలిగ్గా తెలుస్తుంది. మామూలుగా మనం ఒక్కసారి పీల్చే గాలి సుమారు అరలీటరు, అందులో 150 మిల్లీలీటర్ల దాకా గొంతులో, శ్వాసనాళాల్లోనే ఉండిపోతుంది, ఉపయోగపడదు. స్నార్కెల్ గొట్టం దానికి ఇంకో 150, 200 కలుపుతుంది, అంటే మనం వదిలిన పాత గాలే మళ్ళీ కొంత లోపలికి వస్తుంది. నిదానంగా, లోతుగా పీల్చేవాడికి ఇది పెద్ద విషయం కాదు. కాళ్ళు చేతులు గట్టిగా ఆడిస్తూ చిన్న చిన్న శ్వాసలు తీసేవాడికి మాత్రం కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, అది పేరుకునే కొద్దీ ఊపిరాడట్లేదు అనే ఫీలింగ్ పెరుగుతుంది, దాంతో శ్వాస ఇంకా పొట్టిదవుతుంది, వేగం ఇంకా పెరుగుతుంది. నిజానికి ఒంట్లో ఆక్సిజన్‌కి ఆ నిమిషంలో ఏ లోటూ ఉండదు. భయం మాత్రం నిజమైన భయమే, ఒడ్డుకి దూరంగా ఉన్నప్పుడు అదొస్తే మాస్క్ పీకేస్తారు, నీళ్ళు మింగుతారు.

అందుకని మొదట ఈత మాన్పించా. పూల్ గోడ పట్టుకుని, మొహం నీళ్ళలో పెట్టి, కాళ్ళు కదపకుండా ఊరికే గాలి పీల్చి వదలటం, పీల్చేదాని కంటే వదిలేది రెట్టింపు సేపు. వాడికి ఇది పరమ విసుగు. తర్వాత గోడ వదిలి తేలటం, తర్వాత ఫిన్స్‌తో (కాళ్ళకి తొడిగే రెక్కలు) తుంటి దగ్గర నుంచి నిదానంగా కొట్టటం, చేతులు పూర్తిగా పక్కన పెట్టేసి. ఆయాసం వచ్చిందంటే ఆగి వెల్లకిలా తిరగటమే రూల్, ఓర్చుకుని చివర దాకా పోవటం అనేది లేదు. పూల్‌లో ఓర్చుకోవటం అలవాటైన వాడు రీఫ్ (పగడాల దిబ్బ) మీద కూడా ఓర్చుకుంటాడు, అక్కడ పట్టుకోటానికి గోడ ఉండదు.

మొహం మొత్తం కప్పే మాస్కులు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి, ముక్కుతో కూడా పీల్చొచ్చు కాబట్టి కొత్తవాళ్ళకి హాయి అని కొంటారు. నేను నా దగ్గర ఎవరికీ ఒప్పుకోను. వాటిలో పాత గాలి నిలిచే ఖాళీ ఎక్కువ, డిజైన్ బాగోకపోతే పీల్చేటప్పుడు అడ్డం ఎక్కువ, ఏదన్నా అయితే ఒక్క క్షణంలో నోట్లోంచి ఉమ్మేసే వీలు లేదు, ముక్కు పట్టుకుని చెవులు సర్దుకునే వీలు చాలావాటిలో అసలు ఉండదు. మాస్క్, స్నార్కెల్ విడివిడిగా ఉండే మామూలు సెట్ కొనుక్కోండి. పట్టీ వేయకుండా మాస్క్‌ని మొహానికి ఆనించి ముక్కుతో కొంచెం గాలి పీల్చి చెయ్యి వదిలితే అది అతుక్కుని ఉండాలి, పడిపోతే ఎంత ఖరీదుదైనా అది మీ మొహానికి సరిపడేది కాదు. కొత్త మాస్క్ లోపల అద్దానికి సన్నటి పొర ఉంటుంది, తెల్ల టూత్‌పేస్ట్ వేసి వేలితో బాగా రుద్ది కడిగితే గానీ పొగమంచు పట్టటం ఆగదు, ఆ తర్వాత ప్రతిసారీ కాస్త ఉమ్మో, చుక్క బేబీ షాంపూనో చాలు. ఈ కుర్రాడి మాస్క్ ఎప్పుడూ కారేది, కారణం మీసం. ముక్కు కింద అంచు సీల్ అవ్వటానికి అక్కడ ఒక సన్నటి గీత మేర ట్రిమ్ చేసుకోమన్నా, నాలుగు రోజులు ఒప్పుకోలా, తర్వాత చేసుకుంటే కారటం ఆగిపోయింది.

రెండో సమస్య చెవి. అడిగితే గానీ చెప్పలా, చిన్నప్పుడు కుడి చెవి చీము కారేదంట. ఇది విన్నాక ఇంక లోతుకి పంపే ప్రశ్నే లేదు, ముందు ఒంగోల్లో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపించా, కర్ణభేరికి చిల్లు లేదు, డైవింగ్ చేయొచ్చు అని కాగితం మీద రాసిచ్చాకే ముందుకెళ్ళాం. ఇది చదివేవాళ్ళకి కూడా అదే చెప్తున్నా, ఆస్తమా, గుండె, ఫిట్స్, చెవి, ఏది ఉన్నా మెడికల్ ఫారంలో దాచొద్దు, ఫీజు పోతుందనో టూర్ పాడవుద్దనో దాచే వాళ్ళున్నారు. జలుబు ఉన్న రోజు స్నార్కెల్ చేయండి పర్లేదు, స్కూబా (సిలిండర్‌తో దిగటం) వద్దు.

చెవి సర్దుకోవటం వీడికి తెలియదు, నొప్పి వచ్చినా పళ్ళు బిగించి కిందకి పోయేవాడు. నీళ్ళలో 10 మీటర్లు దిగితే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు అవుతుంది, ఆ తర్వాత మళ్ళీ రెట్టింపు అవ్వాలంటే 30 మీటర్ల దాకా పోవాలి, అంటే చెవికి అసలు పరీక్షంతా మొదటి కొద్ది మీటర్లలోనే. కాబట్టి నొప్పి రాకముందే, తల మునగ్గానే మొదలుపెట్టాలి, ముక్కు మూసి మెత్తగా ఊదటం, మింగటం, ప్రతి అర మీటరుకి ఒకసారి. సర్దుకోకపోతే బలంగా ఊదకూడదు, కొంచెం పైకొచ్చి మళ్ళీ. వీడి కుడి చెవి ఎడమదానికంటే లేటు. తలకిందులుగా కాకుండా కాళ్ళు కిందకి పెట్టి, తాడు పట్టుకుని దిగితే సర్దుకునేది, అదే వాడి పద్ధతి అని ఫిక్స్ చేశాం.

ఇంకోటి, ఇది ప్రమాదకరమైన అలవాటు, సముద్రం పక్క పెరిగిన పిల్లలందరికీ ఉంటుంది. మునిగే ముందు గబగబా ఓ ఇరవై సార్లు ఊదుకుని దిగటం, ఎవడెక్కువ సేపు ఉంటే వాడు గొప్ప. అలా ఊదుకుంటే ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. గాలి కావాలి అని ఒంటికి చెప్పేది ఆ కార్బన్ డయాక్సైడే కాబట్టి ఆ హెచ్చరిక లేటుగా వస్తుంది, ఈలోపు ఆక్సిజన్ అయిపోయి, ముఖ్యంగా పైకొచ్చేటప్పుడు, ఏ బాధా తెలియకుండానే స్పృహ పోతుంది. మంచి ఈతగాళ్ళు లోతు లేని నీళ్ళలో, పూల్‌లో కూడా ఇలాగే పోతారు. ఇది వాడికి గట్టిగానే చెప్పా, వాళ్ళ పాలెంలో పిల్లలకి కూడా చెప్పమన్నా, చెప్పాడు.

ఇక కొత్తపట్నం బీచ్. మన తీరంలో, అటు మైపాడు అయినా ఇటు కొత్తపట్నం అయినా, రీఫ్ చూసే స్నార్కెలింగ్ లేదు, దాని కోసం ట్రై చేయొద్దు. పెన్న, గుండ్లకమ్మ లాంటి నదుల ఒండ్రు, అడుగున ఇసుక, ఎప్పుడూ తిరగబడే అలలు, పగడాలకి కావాల్సిన తేట నీరు, గట్టి అడుగు ఇక్కడ లేవు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. పైగా అల వెనక్కి లాగే లాగుడికి ఏటా మనుషులు పోతున్నారు. కానీ అలల్లోంచి లోపలికి పోవటం, బయటికి రావటం నేర్చుకోటానికి మాత్రం, ఎండాకాలం ముందు సముద్రం నెమ్మదిగా ఉండే పొద్దున పూట, నడుము లోతు వరకే, ఒడ్డున తాడుతో వాళ్ళ బాబాయిలు నిలబడి ఉండగా వాడుకున్నాం. ఇక్కడ వాడే నాకు చూపించాడు. వచ్చీ రాగానే దిగడు, కాసేపు నిలబడి అలల వరస చూస్తాడు, పెద్దవి ఓ గుంపుగా వచ్చిపోయాక మధ్యలో వచ్చే తెరిపిలో అడుగేస్తాడు. షోర్ డైవింగ్ పుస్తకాలు చెప్పేదీ అదే. దానికి నేను కలిపింది పరికరాల వరస: మాస్క్ మొహం మీద, నోట్లో రెగ్యులేటర్ (సిలిండర్ గాలి నోటికి అందించేది), తేలటానికి వేసుకునే జాకెట్‌లో కొంచెం గాలి, ఫిన్స్ చేతిలో, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడుము లోతులో ఫిన్స్ వేసుకోవటం. ఫిన్స్ వేసుకున్నాక ముందుకి నడవకూడదు, పక్కకో వెనక్కో కాళ్ళు నేలకి రాస్తూ నడవాలి, టేకి చేప (స్టింగ్‌రే, తోకలో ముల్లుండేది) ఇసుకలో ఉంటే ఆ అలికిడికే పోతుంది. అల కొట్టి పడేస్తే లేవటానికి పోరాడకుండా అలాగే పాకుతూ ఒడ్డుకి రావటం.

అండమాన్ వెళ్ళాం. మద్రాసు నుంచి విమానం రెండు గంటలు, శ్రీవిజయపురం, అంటే 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అన్నది, అక్కడ నుంచి ఫెర్రీలో హేవ్‌లాక్, దీని పేరు కూడా 2018లో స్వరాజ్ ద్వీప్ అయ్యింది, జనం ఇంకా పాత పేరే వాడతారు. అక్కడ నీమో రీఫ్ అని, బోటు లేకుండా ఒడ్డు నుంచే దిగే చోటు, లోతు పది పన్నెండు మీటర్లకి మించదు, ఇసుక మధ్య మధ్య పగడం దిబ్బలు. మొదటి రోజు సిలిండర్ లేదు, స్నార్కెల్ మాత్రమే, చేతిలో పట్టుకోటానికి ఒక ఫ్లోట్.

లోతు తక్కువ ఉన్నంతసేపు శ్వాస బ్రహ్మాండం. పగడం అంచు దాటి అడుగు ఒక్కసారిగా కిందకి పోయే చోట ఆగిపోయాడు, కాళ్ళు బిగుసుకున్నాయి, పాత ఆయాసం మొత్తం తిరిగొచ్చింది. ఫ్లోట్ పట్టించి, మొహం పైకెత్తించి, వెనక్కి తీసుకొచ్చా. ఏమైందిరా అంటే, "తాటిచెట్టు మీంచి కిందకు చూసినట్టుందన్నా, పడిపోతానేమో అనిపించింది" అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఇంతకంటే లోతైన నీళ్ళ మీదే బతికాడు, కానీ ఎప్పుడూ అడుగు కనపడలా. మన సముద్రంలో కింద ఏముందో తెలియదు కాబట్టి లోతు అనేది తాడు కొలతే, ఇక్కడ పది మీటర్ల కింద ఉన్న చేప పొలుసులు కూడా కనపడుతున్నాయి, పైగా నీళ్ళలో అద్దంలోంచి చూస్తే వస్తువులు ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దగా కనపడతాయి, మెదడు దాన్ని ఎత్తు అనే లెక్కేసుకుంటుంది.

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే. తూర్పు తీరం నుంచి వచ్చేవాళ్ళకి తేట నీళ్ళే కొత్త, దానికి ట్రైనింగ్ పూల్‌లో జరగదు, రీఫ్ మీదే జరగాలి, తొందర పెట్టకుండా. మేం చేసింది సింపుల్: అంచు దగ్గరికి నేరుగా పోకుండా దానికి సమాంతరంగా ఈదటం, ఛాతీ లోతు, రెండు మీటర్లు, మూడు మీటర్లు ఇలా నెమ్మదిగా జరగటం, చూపు సూటిగా కిందకి కాకుండా ముందుకి, ఒక చేప మీద గానీ ఒక పగడం మీద గానీ పెట్టి శ్వాస వదలటం. చిలుక చేప పగడాన్ని కొరుకుతుంటే ఆ టకటక శబ్దం నీళ్ళలో బాగా వినపడుతుంది, దాన్ని వెతుక్కుంటూ వాడు తనకి తెలియకుండానే అంచు దాటి అవతలకి పోయాడు. ఆ సాయంత్రం అనకూడదు, అక్కడ ఐదింటికే చీకటి పడటం మొదలు, ఆ మధ్యాహ్నమంతా తిరిగాడు.

సిలిండర్‌తో దిగటం మొదలయ్యాక చెవి పద్ధతి పనిచేసింది. రూల్స్‌లో మొదటిది, స్కూబా గాలి పీలుస్తూ శ్వాస బిగపట్టకూడదు, ఎప్పుడూ. 10 మీటర్ల దగ్గర నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది, ఊపిరితిత్తులు చిరగటానికి మీటరున్నర లోతు నుంచి రావటం కూడా చాలు, కాబట్టి లోతు లేదు కదా అనే ధీమా పనికిరాదు. పైకి నిమిషానికి 9 మీటర్లు మించకుండా, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి రావటం. మొదట్లో గాలి బాగా తాగేశాడు, మునగటానికి కట్టుకునే బరువులు ఎక్కువై కిందకి లాగుతుంటే జాకెట్‌లో గాలి నింపటం, తేలిపోతే తీయటం, ఇదే సరిపోయేది. బరువు తగ్గించాక గాలి కూడా మిగిలింది, మోకాళ్ళు పగడానికి తగలటం కూడా ఆగింది. తగలటం అంటే పగడం విరగటమే. 2010లో, 2016లో నీళ్ళు వేడెక్కి అండమాన్‌లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారి చచ్చాయి, మిగిలినవాటిని మన ఫిన్స్‌తో కొట్టేదేంటి.

ఇక ఆటుపోట్లు. నీమో లాంటి చోట పోటు నిండుగా ఉన్నప్పుడు హాయిగా ఈదుకుంటూ పోయిన దారి, పాటు తీశాక, అంటే నీళ్ళు వెనక్కి పోయాక, రాళ్ళు, పగడాలు తేలి నడవటానికి కూడా లేకుండా అవుతుంది, వీపున సిలిండర్ ఉంటే ఇంకా ఘోరం. అందుకని పోటు నిండటానికి గంటా గంటన్నర ముందు దిగి, నిండే టైమ్‌కి బయటికి రావాలి, అమావాస్య పౌర్ణమి రోజుల్లో తేడా ఇంకా ఎక్కువ కాబట్టి మరీ జాగ్రత్త. దిగే ముందే బయటికొచ్చే దారి, ఒడ్డున గుర్తులు, ఏ ఇసుక కాలవ వెంట రావాలో అన్నీ అనుకోవాలి. వెళ్ళేటప్పుడు కరెంట్‌కి ఎదురు, వచ్చేటప్పుడు దానితో పాటు.

ఒక రోజు ఒక ట్యాంక్ ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు) కారి, మార్చేసరికి లేటయ్యింది, టైడ్ టేబుల్ (ఆటుపోట్ల టైమ్‌ల పట్టిక) ప్రకారం ఇంకా టైమ్ ఉంది కాబట్టి దిగాం. పైన ఈదుకుంటూ పోతుంటే కుర్రాడు ఆగి లంగరేసి ఉన్న డోంగీలని (చిన్న పడవల్ని) చూపించాడు. "అన్నా, గాలి లేదు, పడవల ముక్కులన్నీ ఒడ్డు వైపు తిరిగినై, పాటు మొదలైంది." లంగరు మీద ఉన్న పడవ నీళ్ళు వచ్చే వైపుకే ముక్కు పెడుతుంది, ఒడ్డు వైపు తిరిగిందంటే నీళ్ళు రీఫ్ మీంచి బయటికి జారుతున్నట్టే. వాడు చెప్పింది కరెక్ట్. ప్లాన్ మార్చి, సిలిండర్‌లో గాలి 100 బార్‌కి (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) తగ్గాక తిరుగుదామనుకున్నది, 120 ఉండగానే తిరిగాం, దూరం పోలా. వచ్చేసరికి పగడం మీద నీళ్ళు తొడ లోతుకి దిగాయి, ఇసుక కాలవ వెంట మోకాలి లోతు దాకా ఈదుతూనే వచ్చి, కూర్చుని ఫిన్స్ తీసి నడిచాం. ఇంకో అరగంట ఆగితే ఆ కాలవ కూడా ఉండేది కాదు. టైడ్ టేబుల్ చూడాల్సిందే, కానీ అది లెక్కేసిన అంచనా, అక్కడ కళ్ళ ముందున్న నీళ్ళదే ఆఖరి మాట, ఈ విషయంలో వాడి చూపు నాకంటే మేలు.

జీవాల గురించి క్లుప్తంగా. ఏదీ ముట్టుకోకపోతే దాదాపు ఏదీ ఏమీ చేయదు. ముళ్ళ అర్చిన్లు, రాయిలా పడుండే స్టోన్‌ఫిష్ కోసం కాళ్ళకి గట్టి అడుగున్న బూట్లు. స్టోన్‌ఫిష్, లయన్‌ఫిష్, టేకి ముల్లు దిగితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర పెట్టి ఆస్పత్రికి. గుడ్లు పెట్టే కాలంలో టైటాన్ ట్రిగ్గర్ చేప తన గూటి మీదకి వస్తే తరుముతుంది, దాని హద్దు పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి పైకి పారిపోవద్దు, పక్కకి ఈదాలి. మన వైపు జెల్లీఫిష్ తగిలితే ఇసుకతో రుద్దుతారు, మంచినీళ్ళు పోస్తారు, రెండూ తప్పు, సముద్రపు నీళ్ళతోనే కడగాలి. చారల సముద్రపు పాము కనపడితే దూరంగా ఉండి చూడండి, దానికి మనతో పని లేదు. మొసళ్ళు మాత్రం వేరే సంగతి, 2010లో హేవ్‌లాక్‌లోనే స్నార్కెల్ చేస్తున్న ఒక విదేశీ టూరిస్టు చనిపోయింది, మడ అడవులు, క్రీకుల (సముద్రపు పాయల) దగ్గర దిగొద్దు, బోర్డు ఉంటే వాదించొద్దు. గవ్వలు, పగడం ముక్కలు సంచిలో వేసుకోవద్దు, పగడం, పెద్ద ఆల్చిప్ప 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు. మావాడికి చెయ్యి ఊరకే పోయేది, ఏది కనపడినా తీసి చూడాలని, మొదట్లో రెండు చేతులూ ఛాతీకి కట్టించి ఈదించా.

ఆఖరి డైవ్‌కి, విమానానికి మధ్య, వరసగా కొన్ని రోజులు డైవ్ చేసినవాళ్ళకి కనీసం 18 గంటలు ఉండాలి. అక్కడి టూర్ ప్యాకేజీల్లో చివరి రోజు పొద్దున డైవింగ్, మధ్యాహ్నం ఫ్లైట్ అని పెడితే మార్పించుకోండి.

కుర్రాడు ఓపెన్ వాటర్ (స్కూబాలో మొదటి కోర్సు) పూర్తి చేశాడు, 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలటం వాడికి ఆటే. ఈ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల వరకే, వేరొకరిని తీసుకెళ్ళే అర్హత రాదు. ఆ అర్హతున్న డైవ్‌మాస్టర్ కావాలంటే మధ్యలో అడ్వాన్స్‌డ్, రెస్క్యూ కోర్సులు చేయాలి, చివరికి లాగ్‌బుక్‌లో 60 డైవ్‌లు ఉండాలి. ప్రస్తుతం ఒక షాపులో ట్యాంకులు నింపటం, బోటు పని చేస్తూ డైవ్‌లు పోగేస్తున్నాడు. కుడి చెవి ఎన్ని మీటర్ల దగ్గర ఆగింది, ఎంతసేపటికి సర్దుకుంది అనేది ప్రతి డైవ్‌కీ రాయమన్నా, రాస్తున్నాడు. ఈ సీజన్ అయ్యాక అదే డాక్టర్‌కి మళ్ళీ చూపించి, ఆయన సరే అంటేనే రెస్క్యూ కోర్సు.